పాఠం చెప్పేవాళ్ల చేతులు ఎక్కడ పనిచేశాయి?

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

పెంపుడు జంతువుల సంరక్షణ, శిక్షణ కోర్సుల మీద ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒక్కచోటే తిరిగాయి: అక్కడ నేర్పేవాళ్లకు అసలేం తెలుసు? ఫీజుల గురించి అడిగినవాళ్లకు విడిగా రాస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. వెటర్నరీ సీటు రాలేదు. మాదాపూర్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఆరు నెలల పెట్ కేర్, ట్రైనింగ్ కోర్సు నడుపుతోంది. బ్రోచర్‌లో నలుగురి ఫొటోలు వేశారు: ఒక వెటర్నరీ డాక్టరు, ఒక మాజీ ఆర్మీ డాగ్ హ్యాండ్లర్, ఒక గ్రూమర్ (బొచ్చు, గోళ్లు కత్తిరించి స్నానం చేయించేవారు), ఒక ‘ఇంటర్నేషనల్ సర్టిఫైడ్’ ట్రైనర్. చూడ్డానికి బాగానే ఉంది. నమ్మొచ్చా?
– గృహిణి, కొండాపూర్

జవాబు: మన దేశంలో కుక్కలకు శిక్షణ ఇవ్వడానికి గానీ, ఆ పని ఇంకొకరికి నేర్పడానికి గానీ ప్రభుత్వ లైసెన్సంటూ ఏదీ లేదు. సినిమాల్లో, ప్రదర్శనల్లో వాడే జంతువులకు మాత్రం 2001 నాటి నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. మిగతా చోట్ల ఇవాళ బోర్డు కట్టినవాడు రేపటికి ‘మాస్టర్ ట్రైనర్’ అయిపోవచ్చు. చట్టం గట్టిగా గీత గీసింది వైద్యం దగ్గరే. కాబట్టి ఆ నలుగురినీ ఒకే గాటన కట్టకుండా ఒక్కొక్కరి గురించీ విడిగా ఆరా తీయండి.

డాక్టరు గారిది తేలిక. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అంటే ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. మన దగ్గర రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో చెబుతారు. చదువు పూర్తయ్యాక రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో పేరు నమోదవుతుంది, నంబరు వస్తుంది. ఆ నంబరు అడగండి. అడిగితే ఏ డాక్టరూ నొచ్చుకోరు. అంతకంటే ముఖ్యమైనది టైమ్‌టేబుల్. డాక్టరు ఫొటో బ్రోచర్‌లో ఉండి, మనిషి ప్రారంభోత్సవం రోజున మాత్రమే కనబడే కోర్సులకు కొదవ లేదు. వారానికి ఆయన ఎన్ని గంటలు చెబుతారు, ఆ గంటల్లో ఏం చెబుతారు అన్నది రాతలో తీసుకోండి. రోగాలు, టీకాలు, మేత, ప్రథమ చికిత్స ఆయన చెప్పాలి. కుక్కకు పట్టీతో నడవడం ఎలా నేర్పాలన్నది మాత్రం ఆ డిగ్రీతో దానంతటదే వచ్చే విద్య కాదు. ఆ ఐదున్నరేళ్లలో గేదె కాన్పు నుంచి కోళ్ల తెగుళ్ల దాకా ఎన్నో ఉంటాయి, ప్రవర్తనకు దక్కే చోటు చిన్నది. ట్రైనింగ్ పాఠం కూడా ఆయనే చెబుతానంటే, దానికి వేరుగా ఏం చదివారో అడగాలి.

‘మాజీ ఆర్మీ’ అన్న మాట దగ్గర జనం ఎక్కువ ప్రశ్నలు వేయరు. వేయాల్సింది అక్కడే. సైన్యంలో కుక్కల శిక్షణకు మీరట్‌లోని ఆర్‌వీసీ సెంటర్ (రీమౌంట్ వెటర్నరీ కోర్, సైన్యపు పశువైద్య విభాగం) కేంద్రం. బీఎస్‌ఎఫ్‌కు గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో, సీఆర్‌పీఎఫ్‌కు బెంగళూరు దగ్గర తరలులో స్కూళ్లున్నాయి. తెలంగాణ పోలీసు జాగిలాలు మొయినాబాద్‌లో తయారవుతాయి. వీటిలో ఎక్కడ నేర్చుకున్నారు, ఏ పనిలో అని అడగండి. ట్రాకర్ కుక్క పని వేరు, పేలుడు పదార్థాలు పసిగట్టే కుక్క పని వేరు. తర్వాత అసలు ప్రశ్న: అక్కడ హ్యాండ్లరా, ఇన్‌స్ట్రక్టరా? హ్యాండ్లర్ తన సర్వీసులో ఒకటి రెండు కుక్కలను ప్రాణంలా చూసుకుని పని చేయించి ఉంటారు. ఇన్‌స్ట్రక్టర్ బ్యాచ్ తర్వాత బ్యాచ్ హ్యాండ్లర్లను, అంటే మనుషులను, తీర్చిదిద్ది ఉంటారు. మీ అమ్మాయికి పాఠం చెప్పాల్సింది రెండోవారు. మొదటివారికి కుక్క మాట వింటుంది; పక్క మనిషి చేత అదే పని చేయించడం మాత్రం వేరే విద్య.

గ్రూమర్ సంగతి కింద మూడో ప్రశ్నకు జవాబులో చూడండి. ఇక ‘ఇంటర్నేషనల్’. ఫ్రేము కట్టిన కాగితాల్లో రెండు రకాలుంటాయి. ఒకటి వర్క్‌షాపుకు వెళ్లి కూర్చున్నందుకు ఇచ్చేది. ఇంకోటి, నేర్పినవాళ్లతో సంబంధం లేని సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చేది. రెండో రకానికి సీపీడీటీ-కేఏ అనే కుక్కల ట్రైనర్ల సర్టిఫికెట్ ఉదాహరణ. దానికి పరీక్ష రాయాలంటే గత 3 ఏళ్లలో కనీసం 300 గంటల శిక్షణ అనుభవం చూపాలి. పాసయ్యాక కూడా 3 ఏళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. ఇలాంటి సంస్థల వెబ్‌సైట్‌లో సభ్యుల పేర్లు వెతికే వీలుంటుంది. ఆ పేరు అక్కడ కనిపించకపోతే, రెన్యువల్ తేదీ దాటిపోయి ఉంటే అడగడానికి మొహమాటపడొద్దు.

ఇదంతా కాగితాల సంగతి. డబ్బు కట్టేముందు ఒక అరగంట క్లాసులో వెనక కూర్చుంటామని చెప్పండి. ఒప్పుకోకపోతే అదే జవాబు. ఒప్పుకుంటే మనుషులను వదిలేసి కుక్కలను చూడండి. చల్లటి గదిలో కూడా రొప్పుతున్నాయా? మాటిమాటికీ మూతి నాక్కుంటూ, ఆవలిస్తూ, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపులు చూస్తున్నాయా? ఇష్టమైన తిండి పెట్టినా ముట్టడం లేదా? అలా ఉంటే అక్కడ కుక్క భయపడుతోందే గానీ నేర్చుకోవడం లేదు. ఒక టీచర్ ముందు ఆరు కుక్కలకు మించి ఉంటే పక్కన సహాయకుడు ఉండాల్సిందే. నేల నున్నటి పాలరాయి అయితే రబ్బరు మ్యాట్లు పరిచి ఉండాలి. కాళ్లు జారే కుక్క ‘కూర్చో’ అన్నా కూర్చోదు, దాన్ని మొండిదంటారు.

ఎండాకాలం క్లాసు వేళ అడగడం మర్చిపోవద్దు. మే నెలలో ఉదయం పదకొండింటికి ఆరుబయట క్లాసు పెట్టే మనిషికి ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా వద్దు. సిమెంటు నేల మీద అరచేతి వెనుక వైపు ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉండలేవు.

నేల దేనితో కడుగుతారో కూడా కనుక్కోండి. కుక్కపిల్లలు వచ్చే చోట అసలు భయం పార్వో వైరస్, వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే రోగం. మట్టిలో, నేల పగుళ్లలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు అది చావదు. ముందు మలం, మురికి పూర్తిగా తీసేసి, 30 వంతుల నీటికి ఒక వంతు ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా వదలాలి. మురికి మీదే పోస్తే బ్లీచ్ పని చేయదు. పిల్లులుండే గదిలో ఫినాయిల్ వాసన వస్తోందంటే నేర్పేవాళ్లకు పిల్లుల గురించి తెలియదనే అర్థం, ఎందుకంటే ఫినాల్ జాతి మందులు పిల్లి కాలేయానికి విషం. పాదాలకంటిన దాన్ని నాకితే చాలు.

ప్రశ్న: మా ల్యాబ్రడార్‌కు ఏడాదిన్నర. పోలీసు జాగిలాల విభాగంలో రిటైరైన ఆయన ఇంటికొచ్చి నేర్పుతున్నారు. గొలుసు కాలర్ వేసి గట్టిగా గుంజుతారు. గుర్రుమంటే మూతి మీద కొడతారు. ‘నువ్వే నాయకుడివని దానికి తెలియాలి’ అంటారు. వారంలో గుర్రుమనడం మానేసింది. కానీ మొన్న మా తోడికోడలి కొడుకును చప్పుడు చేయకుండా కరిచింది. ట్రైనింగ్ చాల్లేదా?
– ఎల్‌బీ నగర్ పాఠకురాలు

జవాబు: చాలకపోవడం కాదండీ, అది నేర్చుకున్నదే చేసింది. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దానికి దెబ్బ పడితే కుక్క హెచ్చరిక మానేస్తుంది. లోపలి భయమో, నొప్పో, కోపమో అలాగే ఉంటుంది. తర్వాతి మెట్టు కాటే. ముందు బాబు సంగతి: గాయాన్ని సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, కుక్కకు టీకా ఉన్నా సరే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇంకా చూపించకపోతే ఈరోజే వెళ్లండి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో కుక్కకాటు టీకాలు వేస్తారు. ఆ తర్వాత కుక్కను పశువైద్యుడికి చూపించండి. చెవి పోటు, తుంటి కీలు నొప్పి ల్యాబ్రడార్లలో మామూలు. ముట్టుకుంటే గుర్రుమనడానికి అవి తరచూ కారణం.

ఇక ఆ పద్ధతి ఎక్కడిదన్నది. కాలర్ గుంజి సరిదిద్దే పద్ధతికి మూలం జర్మన్ పోలీసు, సైనిక శిక్షణ. అక్కడి పోలీసు కుక్కల శిక్షకుడు కొన్రాడ్ మోస్ట్ 1910లోనే దాన్ని గ్రంథస్థం చేశాడు. రెండో దారి, అంటే బహుమతి ఇచ్చి నేర్పడం, ప్రయోగశాల నుంచి వచ్చింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్, మారియన్ బ్రెలాండ్ దంపతులు 1940లలో దాన్ని వ్యాపార స్థాయి జంతు శిక్షణలోకి తెచ్చారు. డాల్ఫిన్లకు నేర్పేవాళ్లు అదే అందిపుచ్చుకున్నారు, నీళ్లలో ఈదే జంతువుకు గొలుసు వేయలేరు గదా. పని సరిగా చేయగానే ఈల, ఆ వెంటనే చేప: ఇప్పటి క్లిక్కర్ (‘క్లిక్’మని చప్పుడు చేసే చిన్న పరికరం) శిక్షణ ఆ వంశానిదే. ‘నాయకుడు’ సిద్ధాంతానికి ఆధారం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో ఉంచిన తోడేళ్ల మీద రాసిన వ్యాసం. అడవిలో తోడేళ్ల మంద అంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో స్పష్టంగా రాశారు. అయినా మన ట్రైనర్లలో చాలామంది నోట ఆ పాత మాటే ఇంకా నలుగుతోంది.

పోలీసు అనుభవాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఇప్పుడు బాంబు స్క్వాడ్ కుక్కలకు చాలా చోట్ల బంతి, ఆట బహుమతిగా ఇచ్చే నేర్పుతున్నారు; భయపడిన కుక్క వాసన సరిగా వెతకదు కాబట్టి. క్రమం తప్పకపోవడం, ఒక పనిని చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పడం వాళ్లకు బాగా వచ్చు. తేడా ఎక్కడంటే, వాళ్ల చేతికొచ్చేవి ఏరి తెచ్చిన కుక్కలు, వాటిని చూసుకోవడమే పనిగా రోజంతా వెంట ఉండే హ్యాండ్లర్. మీ ఇంట్లో పిల్లలు, పనిమనిషి, చుట్టాలు, పండగ టపాసులు. ఇంటి కుక్కలతో ఏళ్ల తరబడి పనిచేయని మనిషికి ఈ లోకం కొత్త.

కొత్త ట్రైనర్‌ను చూసేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టండి. కుక్క కింద కూర్చున్న క్షణానికి, ఆయన ‘గుడ్’ అనడానికి లేదా క్లిక్ చేయడానికి మధ్య ఎంత జాప్యం ఉందో చూడండి. ఒక సెకనులోపు పడాలి. రెండు మూడు సెకన్లు దాటితే కుక్క అప్పటికే లేచి ఉంటుంది, లేచినందుకు బహుమతి వచ్చిందనుకుంటుంది. తినిపించే ముక్క శనగ గింజంతే ఉండాలి, నమిలే పని లేకుండా మింగేయాలి. బిస్కెట్ మొత్తం ఇస్తే అది నమిలేలోగా పాఠం చెదిరిపోతుంది. ఒక విడత మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు విడతలు. గంటసేపు ఏకబిగిన ‘సిట్, సిట్’ అని అరిచే మనిషి గంట లెక్కన డబ్బు తీసుకుంటున్నాడంతే.

ప్రశ్న: నేను గ్రూమింగ్ కోర్సులో చేరాను. చెప్పే ఆయన చేయి తిరిగినవారే, అందులో మాట లేదు. కానీ ఆయనే టీకాలు వేయడం, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయడం కూడా నేర్పుతున్నారు. ‘బయట ఇదే ఎక్కువ సంపాదన’ అంటున్నారు. నేర్చుకోవచ్చా?
– అంబర్‌పేట పాఠకుడు

జవాబు: వద్దు. భారత పశువైద్య మండలి చట్టం, 1984లోని 30వ సెక్షన్ ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులే. టీకాలు, గాయాలకు కట్లు వంటి చిన్న సేవలు డిప్లొమా ఉన్న పశువైద్య సహాయకులు చేయొచ్చు, అదీ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో. గ్రూమర్ ఈ జాబితాలో ఎక్కడా లేరు. చట్టం పక్కన పెట్టినా, టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. బైకు డిక్కీలో తిరిగిన టీకా వేస్తే సూది పడుతుంది, రక్షణ రాదు. రేబిస్ టీకా సర్టిఫికెట్ మీద డాక్టరు సంతకం, నంబరు లేకపోతే జీహెచ్‌ఎంసీ లైసెన్సు దగ్గరా అది చెల్లదు.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది వేరే చాలా ఉంది, అది పిండుకోండి. చిక్కులు పడ్డ బొచ్చును స్నానానికి ముందే విడదీయాలి. నీళ్లు తగిలితే ముడి బిగుసుకుని చర్మాన్ని లాగుతుంది, ఆ మడతలో కత్తెర పెడితే తోలు తెగుతుంది. క్లిప్పర్ బ్లేడు ఆడుతున్న కొద్దీ వేడెక్కుతుంది. ఐదు నిమిషాలకోసారి మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోవాలి, చురుక్కుమంటే బ్లేడు మార్చాలి. పొట్ట, తొడల సందులో వచ్చే ఎర్రటి చారలను షాంపూ అలర్జీ అంటుంటారు, సగం సార్లు అవి బ్లేడు కాల్చిన గుర్తులే. హస్కీ, గోల్డెన్ రిట్రీవర్ లాంటి రెండు పొరల బొచ్చు కుక్కలను వేసవి అని గుండు కొట్టకూడదు. పై పొర ఎండను కూడా ఆపుతుంది, కొన్నిటికి అది మళ్లీ సరిగా రాదు.

నల్ల గోళ్లకు లోపలి నరం కనబడదు. మిల్లీమీటరు చొప్పున కోస్తూ కోసిన ముఖం చూడాలి. మధ్యలో నల్లటి మెత్తటి చుక్క కనిపించగానే ఆపేయాలి. రక్తం వస్తే స్టిప్టిక్ పొడి, అది లేకపోతే మొక్కజొన్న పిండి అద్ది రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలను బోనులో పెట్టి వేడి డ్రయ్యర్ వదిలేసి పక్క పనికి వెళ్లడం ఈ వృత్తిలో చావులు తెచ్చే తప్పు. మీ గురువుగారు డ్రయ్యర్ దగ్గర ఎలా ఉంటారో గమనించండి, ఆయన గురించి అంతా తెలుస్తుంది.

ప్రథమ చికిత్స నేర్చుకోవడంలో తప్పు లేదు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. డిజిటల్ థర్మామీటరుకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం మేర పెట్టి చూడాలి. చెవి పట్టుకుని చెప్పే అంచనాలకు విలువ లేదు. 105 దాటిందంటే వడదెబ్బ అనుకుని ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను వేసి, 103కు దిగగానే తడపడం ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇంకా తడుపుతూ పోతే మరీ కిందికి జారిపోతుంది. జ్వరం మాత్ర ఇవ్వకండి. పారాసెటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి.

ప్రశ్న: పశుసంవర్ధక శాఖలో సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. ఉప్పల్‌లో ఒక సంస్థ యానిమల్ కేర్ టీచర్‌గా రమ్మంటోంది. చెప్పగలనా?
– ఘట్‌కేసర్ పాఠకుడు

జవాబు: తప్పకుండా చెప్పగలరండీ. రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా, ఆ తర్వాత ఊళ్లో ఉద్యోగం అంటే పశువును నొప్పించకుండా పట్టుకోవడం, పేడ, నడక, నెమరు చూసి ఒంట్లో బాగాలేదని పసిగట్టడం మీకు అలవాటైన పని. నగరంలో కోర్సు చెప్పే చాలామందికి ఈ చూపు ఉండదు. పాల పశువులు, గొర్రెలు, పెరటి కోళ్ల పాఠాలు కళ్లు మూసుకుని ఒప్పుకోండి.

కొత్తగా కూడబెట్టుకోవాల్సింది పిల్లి, చిన్న కుక్క. గేదెను కదలకుండా కట్టేసే బలం పిల్లి దగ్గర ఎదురు తిరుగుతుంది. మెడ తోలు పట్టి ఎత్తడం మానండి. మందపాటి టవలు మీద కూర్చోబెట్టి, ఒక కొస మెడ కింద నుంచి చుట్టి, రెండో కొసతో కాళ్లు కప్పేస్తే చాలావరకు కుదురుకుంటుంది. టవలు వదులుగా చుడితే ముందు కాలు బయటికొస్తుంది, గీరేది ఆ కాలితోనే. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంక్షేమ సంస్థల్లో కొన్నాళ్లు స్వచ్ఛందంగా పనిచేస్తే బెదిరిన కుక్కలు, పిల్లులు రకరకాలవి చేతికొస్తాయి. షెల్టర్‌లో పనిచేసినవాళ్లను తేలిగ్గా చూస్తారు గానీ, రోజుకు పాతిక కెన్నెళ్లు శుభ్రం చేసిన మనిషి చెప్పే పరిశుభ్రత పాఠం ముందు పుస్తకం చదివి చెప్పేది వెలవెలబోతుంది.

సంస్థను రెండు అడగండి. మీ సబ్జెక్టు దాటి మందులు, మోతాదులు చెప్పమని ఒత్తిడి చేయరని రాతపూర్వకంగా ఇవ్వాలి. మీకూ విద్యార్థులకూ ముందస్తు రేబిస్ టీకా వేయించాలి: 0, 7వ రోజు, ఆ తర్వాత 21 లేదా 28వ రోజు. తర్వాత ఎప్పుడైనా కరిచినా టీకా మళ్లీ వేయించుకోవాలి, కాకపోతే డోసులు తగ్గుతాయి.

ప్రశ్న: జూలో, ల్యాబుల్లో, రేసుకోర్సులో పనిచేసినవాళ్లు పెట్ కేర్ చెబితే పనికొస్తుందా?
– డిగ్రీ విద్యార్థిని, నల్లకుంట

జవాబు: సబ్జెక్టును బట్టి. నెహ్రూ జూ లాంటి చోట పనిచేసిన కీపర్‌కు జంతువు దగ్గరికి వెళ్లకుండా పని చేయించే నేర్పు ఉంటుంది: ఊచల అవతలి నుంచి ఒక కర్ర చివరను ముక్కుతో తాకమని నేర్పి, తాకినప్పుడల్లా తిండి ఇస్తూ, ఆ కర్ర వెంటే తూకం యంత్రం ఎక్కించడం, పంజా చాపించడం. ఇంట్లో కరిచే కుక్కకు ఈ విద్య అక్షరాలా పనికొస్తుంది. అలాగని ఎవరైనా రామచిలుకనో నక్షత్ర తాబేలునో క్లాసుకు తెచ్చి చూపిస్తే బయటికి వచ్చేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వాటిని ఇళ్లలో పెంచడమే నేరం.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగశాల జంతువుల టెక్నీషియన్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చింది. అలా తయారైనవాళ్లు రికార్డు రాయడంలో, బోను కొలతలు, గాలి, తేమ చూడటంలో గట్టివాళ్లు. కుందేళ్లు, గినీపిగ్‌ల పాఠం వాళ్ల దగ్గరే వినాలి. కుందేలును వీపు కింద చేయి లేకుండా ఎత్తితే అది వెనక కాళ్లతో తన్నుకుని తన వెన్నెముకే విరగ్గొట్టుకుంటుందని మొదటి రోజే చెబుతారు.

మలక్‌పేట రేసుకోర్సులో చేసిన సైసులకు (గుర్రాలను చూసుకునేవాళ్లకు) గుర్రం మాలీసు, మేత, కాలి శుభ్రం కొట్టిన పిండి. కాలు ఎత్తి గిట్టలోని మట్టిని మడమ నుంచి కొన వైపు తీయాలి, మధ్యలోని మెత్తటి త్రికోణాన్ని గీరకూడదు. గుర్రం తల వైపు వెన్ను పెట్టి నిలబడి, ఇలా ఎందుకో చెబుతూ చేయించేవాళ్లయితే ఇంకేం కావాలి. గిట్టలు చెక్కి నాడాలు మార్చేది మాత్రం నాల్‌బందు, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి. సైసే రెండో పనీ నేర్పుతానంటే ఒప్పుకోవద్దు. గిట్ట ఒక పక్క ఎక్కువ తెగితే గుర్రం నెలల పాటు కుంటుతుంది.